పైత్యరసం తన నాళాన్ని ఎందుకు కరిగించదు?

ఇంట్లో చేపలు బాగుచేసేటప్పుడు ఎప్పుడైనా దగ్గర కూర్చుని చూశారా? పొట్ట కోసి పేగులు తీసే సమయానికి అమ్మగాని అమ్మమ్మగాని చేతివేగం తగ్గించి, ఒక చిన్న ఆకుపచ్చని తిత్తిని వేలికొసలతో మెల్లగా విడదీసి అవతల పారేస్తారు. ఆ తిత్తి పగిలిందా, కూరంతా చేదే! ఎన్ని నీళ్ళతో కడిగినా ఒక పట్టాన పోదు. ఆ తిత్తి చేప పిత్తాశయం. అందులోని ఆకుపచ్చని ద్రవమే పైత్యరసం. (కొందరు చేదు ఒంటికి మంచిదని శీలావతి, బొచ్చె వంటి చేపల తిత్తిని పచ్చిగా మింగుతారు. అలా మింగినవారి మూత్రపిండాలు దెబ్బతిన్న సంఘటనలను మన దేశపు వైద్యులు ఎన్నోసార్లు నమోదు చేశారు. ఎవరు చెప్పినా మీరు ఆ పని చేయకండి.)

మన కడుపులోనూ కుడివైపు, కాలేయానికి అడుగున అటువంటి తిత్తి ఒకటి ఉంది. కాలేయం రోజుకు అర లీటరు నుండి లీటరు దాకా పైత్యరసాన్ని తయారుచేస్తుంది. ఇందులో ఎంజైములు లేవని మీరు పాఠ్యపుస్తకంలో చదివే ఉంటారు. మరి ఇది చేసే పని ఏమిటి? తలకు నూనె బాగా పట్టించుకున్న రోజున కుంకుడురసంతో తల రుద్దుకుంటే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. నీటికి లొంగని నూనె కుంకుడురసానికి లొంగి, సన్నసన్న బిందువులుగా విడిపోయి, నీటితో కొట్టుకుపోతుంది. పైత్యరసంలోని లవణాలు పేగులో నేతికీ నూనెకూ చేసే పని అచ్చంగా ఇదే. ఈ లవణాల అణువుకు ఒక పక్క నీరంటే ఇష్టం, మరొక పక్క కొవ్వంటే ఇష్టం. అందుకని రెంటినీ కలపగలదు. క్లుప్తంగా చెప్పాలంటే పైత్యరసం మన శరీరం తయారుచేసుకునే సబ్బునీరు.

కొన్నేళ్ళ క్రితం తొమ్మిదో తరగతిలో ఈ పాఠం చెబుతూ నల్లబల్ల మీద కాలేయాన్నీ పిత్తాశయాన్నీ గీశాను. అక్కడినుండి చిన్నప్రేగు మొదటి భాగమైన ఆంత్రమూలం దాకా రెండు గీతలు లాగి, "ఇది పైత్యరస నాళం" అన్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మాస్టారూ, జీవకణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసినదని పోయిన నెల చెప్పారు కదండీ. పైత్యరసం కొవ్వును విడగొడుతుందని ఇవాళ చెప్పారు. మరి ఆ గొట్టంలోని కణాలు కరిగిపోవాండీ?"

"జిగురు పొర కాపాడుతుందమ్మా" అని చెప్పి పాఠం ముందుకు సాగించాను. గంట కొట్టేశారు. నేను చెప్పినది సగం సమాధానం కూడా కాదని నాకు తెలుసు. రక్తంలో కంటే పైత్యరసంలో ఈ లవణాల గాఢత వేయి రెట్లకు పైగా ఉంటుంది. అంత ఘాటైన సబ్బులో రాత్రింబగళ్ళు నానుతూ ఆ నాళపు కణాలు ఎలా బతుకుతున్నాయి? ఆ ప్రశ్నకు సమాధానం వెతుక్కుంటూ చదివిన సంగతులే ఈ వ్యాసం.

ఆవేశానికి అడ్డుగోడ

ముందుగా ఆ కొవ్వు పొర సంగతి చూద్దాం. దాన్ని కణత్వచం అంటారు. మందం ఏడెనిమిది నానోమీటర్లు. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఇంత పలుచని పొర అయినా అది ఉప్పును దాటనివ్వదు. ఎందుకని? వంటింటి ఉప్పు నీటిలో కరిగినప్పుడు ధనావేశం గల సోడియం అయాన్లుగా, ఋణావేశం గల క్లోరైడ్ అయాన్లుగా విడిపోతుంది. నీటి అణువులు ఈ అయాన్ల చుట్టూ మూగి ఉంటాయి. ఆ తోడును వదులుకుని అయాను కొవ్వులోకి అడుగు పెట్టదు. ఒక చిన్న గిన్నెలో వంటనూనె పోసి చిటికెడు ఉప్పు వేసి చూడండి. ఎంతసేపు కలిపినా ఉప్పు కరగక అడుగునే ఉంటుంది.

కాబట్టి ఆవేశం ఉన్నది కొవ్వు పొరను తనంత తాను దాటలేదు. ఈ వాక్యం కింద గీత గీసుకోండి. ఈ కథలో అది రెండుసార్లు అవసరమవుతుంది. మొదట అడ్డంకిగా, తరువాత కవచంగా.

అయాన్లు దాటాలంటే కణత్వచంలో ప్రత్యేకమైన ద్వారాలు ఉండాలి. ఈ ద్వారాలన్నీ ప్రోటీన్లే. వీటిలో ముఖ్యమైనదాన్ని 1957లో డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌ వెల్లడించాడు. ఆయన పరిశోధించినది మనుషుల కణాలను కాదు, సముద్రపు పీతల కాళ్ళలోని నరాలను! ఆ నరాలను నూరి చూడగా, కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చుచేసే ఒక ఎంజైము కనబడింది. సోడియం, పొటాషియం రెండూ ఉన్నప్పుడే అది చురుకుగా పనిచేసింది. అదే సోడియం-పొటాషియం పంపు. ఒక్కొక్క ఏటీపీ అణువును ఖర్చుపెట్టి ఇది మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. స్కౌకు దీనికి నోబెల్ బహుమతి వచ్చింది 1997లో, అంటే నలభై ఏళ్ళ తరువాత.

ఈ పంపు నిరంతరం పనిచేయడం వల్ల కణం బయట లీటరుకు సుమారు 145 మిల్లీమోల్‌ల సోడియం ఉంటే, లోపల 12 చుట్టుపక్కల ఉంటుంది. పొటాషియం సంగతి దీనికి తలకిందులు: లోపల 140, బయట 4. ఇంటిమీద ట్యాంకు నింపడానికి మోటారుకు కరెంటు కావాలి, నిండిన తరువాత కుళాయి తిప్పితే చాలు, నీరు దానంతట అదే దిగుతుంది కదా. ఇక్కడ పంపు మోటారు వంటిది. లోపలికి దిగాలని ఎదురుచూస్తున్న సోడియం ట్యాంకులోని నీరు వంటిది. మిగిలిన ద్వారాలు చాలామటుకు ఈ ఒత్తిడి మీదనే నడుస్తాయి.

వీధి వాకిలి, పెరటి వాకిలి

కాలేయంలోని కణాలలో నూటికి మూడు నుండి ఐదు మాత్రమే పైత్యరస నాళాల కణాలు. అయినా మనుషుల పైత్యరసంలో సుమారు మూడోవంతు నీరు ఈ కొద్దిపాటి కణాలు చేర్చినదే. నేను బల్ల మీద గీసిన రెండు గీతలు ఎంత అన్యాయమో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. ఇది నీళ్ళు పారే ఉత్త గొట్టం కాదు. గోడే నీటిని ఊరించే గొట్టం.

ఈ కణాలు ఇటుకల్లా ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ప్రతి కణానికీ రెండు ముఖాలు. ఒకటి పైత్యరసం పారే వైపు, దాన్ని వీధి వైపు అనుకుందాం. రెండోది రక్తనాళాలు ఉన్న వైపు, అది పెరటి వైపు. రహస్యమంతా ఇక్కడే ఉంది. ఏ ద్వారం ఏ వైపు ఉందన్నదే ముఖ్యం. అన్ని ద్వారాలూ రెండు వైపులా సమానంగా ఉండి ఉంటే అయాన్లు ఉన్నచోటనే తిరుగుతుండేవి, ప్రవాహం పుట్టేది కాదు.

పెరటి వైపు ఏమున్నాయి? స్కౌ కనిపెట్టిన పంపు అక్కడ ఉంది. పక్కనే మరొక ప్రోటీను ఉంది. అది ఒక సోడియం, ఒక పొటాషియం, రెండు క్లోరైడ్ అయాన్లు నాలుగూ చేరితేనే బయలుదేరి లోపలికి చేరవేస్తుంది. (ఆవేశాలు కూడి చూడండి. ఎంత వచ్చింది?) లోపలికి రావాలని తొందరపడే సోడియం, తనతో పాటు క్లోరైడ్‌నూ లాక్కువస్తుందన్నమాట. సోడియాన్ని పంపు వెంటనే బయటికి తోసేస్తుంది. పొటాషియం పెరటి వైపే ఉన్న మరొక సన్నని మార్గం గుండా కొంత కొంత జారిపోతుంది. పోతూ పోతూ అది తన ధనావేశాన్ని పట్టుకుపోతుంది కనుక కణం లోపల కొంచెం ఋణావేశం మిగులుతుంది. ఇక లోపల చిక్కుకున్నది క్లోరైడ్. దానిదీ ఋణావేశమే. సజాతి ఆవేశాలు వికర్షించుకుంటాయని భౌతికశాస్త్రంలో చదివారు. అంటే క్లోరైడ్ ఎటు తలుపు తెరుచుకుంటే అటు బయటపడాలని కాచుకుని ఉంటుంది.

ఆ తలుపు వీధి వైపు ఉంది. దాని పేరు సి.ఎఫ్.టి.ఆర్. ఇది పంపు కాదు, తూము వంటిది. తెరుచుకున్నదంటే సెకనుకు లక్షల సంఖ్యలో క్లోరైడ్ అయాన్లు పైత్యరసంలోకి దూకుతాయి.

కథ ఇంతటితో ముగిస్తే పైత్యరసంలో చేరేది ఉప్పునీరే. కానీ వీధి వైపే ఇంకొక ద్వారం ఉంది. పాత బట్టలు తీసుకుని స్టీలు గిన్నెలు ఇచ్చే ఆమె మీ వీధిలోకి వస్తుంటుందా? బట్ట ఇవ్వనిదే గిన్నె ఇవ్వదు. ఈ ద్వారం బేరమూ అటువంటిదే. నాళంలోంచి ఒక క్లోరైడ్ అయానును లోపలికి పుచ్చుకుని, కణంలోంచి ఒక బైకార్బొనేట్ అయానును నాళంలోకి ఇస్తుంది. బైకార్బొనేట్ అంటే మీకు కొత్త కాదు. వంటసోడాలో ఉన్నది అదే. కణానికి ఇది ఎక్కడిది? కొంత రక్తంనుండి వస్తుంది. కొంత కణంలోనే తయారవుతుంది. గోళీసోడాలో కార్బన్ డయాక్సైడ్ నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లం అయినట్టే ఇక్కడా అవుతుంది. ఒక ఎంజైము దాన్ని ఎన్నో రెట్లు వేగంగా జరిపిస్తుంది. ఆ ఆమ్లం విడిపోగా వచ్చిన హైడ్రోజన్ అయాన్లు పెరటి వైపుగా వెళ్ళిపోతాయి, బైకార్బొనేట్ వీధి వైపు బేరానికి సిద్ధమవుతుంది.

చూశారా, క్లోరైడ్ ఒక తలుపులోంచి బయటికి పోయి ఇంకొక తలుపులోంచి లోపలికి వచ్చేసింది. నికరంగా నాళంలో మిగిలినది బైకార్బొనేట్. ఇంత చుట్టుతిరుగుడు దేనికి, బైకార్బొనేట్‌నే నేరుగా పంపకూడదా అని నాకూ మొదట అనిపించింది. కానీ ఈ ఏర్పాటులో ఒక సౌకర్యం ఉంది. నాళంలో క్లోరైడ్ ఉన్నంతవరకే బేరం సాగుతుంది కనుక, క్లోరైడ్ తూము ఒక్కదానికి తాళం వేసి తీస్తే పని మొత్తం అదుపులో ఉంటుంది.

ఇక నీటి మాట. మాగాయకు మామిడి ముక్కలు కోసి ఉప్పు, పసుపు కలిపి జాడీలో పెడితే మూడోనాటికి ఊట ఎంత వస్తుందో చూసే ఉంటారు. ఆ నీరు మనం పోసినది కాదు. ఉప్పు బయట ఎక్కువ ఉంది కనుక ముక్కల్లోని నీరు అటు వచ్చింది. ఇదే ద్రవాభిసరణం. నాళంలోనూ అంతే. బైకార్బొనేట్ ఋణావేశానికి ఆకర్షణపొంది సోడియం కణాల మధ్య సందుల్లోంచి వస్తుంది. అయాన్లు అక్కడ కూడగానే వాటి వెనుకే నీరు వస్తుంది. నీటి కోసం కణత్వచంలో ప్రత్యేకమైన సన్నని దారులు కూడా ఉన్నాయి. ఇటువంటి దారులను కనుగొన్నందుకు అమెరికా శాస్త్రవేత్త పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతి వచ్చింది.

తాళం చెవి ఎవరి దగ్గర ఉంది?

1902 జనవరిలో లండన్ యూనివర్సిటీ కాలేజీలో విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ ఒక ప్రయోగం చేశారు. ఆమ్లం కలిసిన ఆహారం జీర్ణాశయంనుండి పేగులోకి దిగగానే క్లోమగ్రంథి రసాన్ని కురిపిస్తుందని అప్పటికే తెలుసు. ఆ వార్తను నరాలే మోసుకుపోతాయని అందరి నమ్మకం. వీరిద్దరూ మత్తు ఇచ్చిన కుక్కలో పేగు ముక్క ఒకదానికి వచ్చే నరాలన్నీ తెంచి, దానిలో ఆమ్లం పోశారు. క్లోమం ఎప్పటిలాగే రసాన్ని కార్చింది! నరం లేకపోయినా వార్త చేరిందంటే అది రక్తంలో ప్రయాణించి ఉండాలి. పేగు లోపలి పొరను గీకి, ఆమ్లంతో నూరి, వడగట్టి రక్తంలోకి ఎక్కిస్తే మళ్ళీ అదే ఫలితం. ఆ పదార్థానికి సెక్రిటిన్ అని పేరు పెట్టారు. ఇటువంటి రసాయన వార్తాహరులకు 1905లో స్టార్లింగ్ వాడిన మాటే మనం నేడు వాడే హార్మోన్.

ఈ సెక్రిటిన్ క్లోమానికే కాదు, పైత్యరస నాళానికీ తాళం చెవి. రక్తంలో వచ్చి కణాన్ని పెరటి వైపు తట్టుతుంది. కణం లోపల ఒకదాని వెంట ఒకటి రసాయన మార్పులు జరిగి, చివరికి వీధి వైపు క్లోరైడ్ తూము తెరుచుకుంటుంది. అంటే జీర్ణాశయంనుండి ఆమ్లం వచ్చిందన్న కబురు అందగానే, దాన్ని విరిచే క్షారం నాళంనుండి బయలుదేరుతుంది. నిమ్మరసంలో వంటసోడా వేస్తే బుసబుస పొంగి పులుపు తగ్గినట్టే ఆంత్రమూలంలో ఆమ్లం తటస్థమవుతుంది.

గొడుగు

ఇక ఆ అమ్మాయి ప్రశ్నకు వద్దాం.

పైత్యరసంలోని సబ్బు అణువులకు రెండు రూపాలు ఉన్నాయి. హైడ్రోజన్ అయానును వదిలేసి ఋణావేశంతో ఉన్నది ఒకటి. హైడ్రోజన్ అయానును పట్టుకుని ఆవేశం లేకుండా ఉన్నది రెండోది. మనం గీత గీసుకున్న వాక్యాన్ని మళ్ళీ చూడండి. మొదటి రూపానికి ఆవేశం ఉంది కనుక నాళ కణపు కొవ్వు పొరను దాటలేదు. రెండోది దాటుతుంది, లోపలికి చొరబడి కణాన్ని చంపగలదు. ఏ రూపం ఎంత ఉంటుందన్నది ద్రవపు పి.హెచ్. మీద ఆధారపడుతుంది. ఆమ్లత్వం పెరిగి పి.హెచ్. ఒక్క అంకె తగ్గితే, ఆవేశం లేని రూపం సుమారు పది రెట్లు పెరుగుతుంది.

బైకార్బొనేట్ ఇక్కడ ఆదుకుంటుంది. కణం వీధి ముఖం మీద చక్కెర అణువులతో అల్లిన సన్నని నూగు ఉంటుంది. ఆ నూగును ఆనుకుని బైకార్బొనేట్ పొర ఒకటి నిలిచి, అక్కడి ద్రవాన్ని క్షారంగా ఉంచుతుంది. సబ్బు అణువు కణం దగ్గరికి వచ్చేసరికి హైడ్రోజన్ అయానును పోగొట్టుకుని, ఆవేశం తగిలించుకుని, గడప దగ్గరే ఆగిపోతుంది. హాలెండులోని ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన ఉల్రిక్ బాయర్స్, ఆయన సహచరులు 2010లో ఈ ఊహను ప్రతిపాదించి దానికి "బైకార్బొనేట్ గొడుగు" అని పేరు పెట్టారు. తరువాత ప్రయోగశాలలో పెంచిన మానవ నాళ కణాలలో బేరగాడి వంటి ఆ మార్పిడి ప్రోటీనును తగ్గించి చూస్తే, సబ్బు అణువులు లోపలికి ఎక్కువగా చొరబడ్డాయి, కణాలు ఎక్కువగా చనిపోయాయి. రక్షణకు ఇదొక్కటే ఏర్పాటు కాదు. పైత్యరసంలో లెసిథిన్ అనే కొవ్వు కూడా ఉంది. సబ్బు అణువులు చాలావరకు దానితో జతకట్టి చల్లబడతాయి. నేను ఆనాడు చెప్పిన జిగురు పొరలో, ఆ చక్కెర నూగు పాటి నిజం ఉందనుకుని సరిపెట్టుకున్నాను.

గొడుగుకు చిల్లు పడితే ఏమవుతుంది? ముఖ్యంగా నడివయసు స్త్రీలలో కనిపించే ఒక వ్యాధిలో కాలేయంలోని సన్నని పైత్యరస నాళాలు కొద్దికొద్దిగా నశించిపోతాయి. విపరీతమైన నీరసం, ఒళ్ళంతా దురద. శరీరపు రక్షణ వ్యవస్థ తన నాళ కణాల మీదనే తిరగబడడం ఇందులో ప్రధానం. అయితే ఈ రోగుల నాళాలలో ఆ మార్పిడి ప్రోటీను తక్కువగా ఉన్నట్టు కూడా గమనించారు. దీనికి వాడే ఉర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అనే మందు, బైకార్బొనేట్ స్రావాన్ని పెంచుతుంది. తమాషా ఏమిటంటే ఆ మందు కూడా ఒక పైత్యరస ఆమ్లమే. మొదట ఎలుగుబంటి పైత్యరసంలో కనుగొన్నారు. పేరులోని "ఉర్సో" అంటే ఎలుగుబంటి అని అర్థం.

క్లోరైడ్ తూమే చెడిపోతే ఇంకా పెద్ద చిక్కు. ఆ తూముకు సంబంధించిన జన్యువును 1989లో లాప్-చీ చుయి, జాన్ రియోర్డన్, ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందాలు కనుగొన్నాయి. 1480 అమైనో ఆమ్లాల దండలో 508వ పూస ఒక్కటి రాలిపోవడమే తూము చెడడానికి అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే కారణం. అటువంటి జన్యువు తల్లినుండీ తండ్రినుండీ కూడా వచ్చిన పిల్లలకు సిస్టిక్ ఫైబ్రోసిస్ వస్తుంది. ఈ తూము ఊపిరితిత్తుల్లో, క్లోమంలో, చెమటగ్రంథుల్లో కూడా ఉంది. అందుకే ఈ పిల్లల చెమట మామూలుకంటే ఉప్పగా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో జిగురు బంకలా పేరుకుపోతుంది. కొందరిలో పైత్యరసం చిక్కబడి సన్ననాళాలు పూడిపోయి కాలేయం గట్టిపడుతుంది. వ్యాధి ఐరోపా సంతతిలో ఎక్కువ. మన దేశంలోనూ ఉంది, కాని చాలాసార్లు వేరే జబ్బుగా పొరబడతారు. చెడిన తూమును తెరిచి ఉంచే మొదటి మందును అమెరికాలో 2012లో అనుమతించారు. అది కొన్ని రకాల లోపాలకే పనిచేసేది, 508వ పూస రాలినవారికి తగిన మందులు తరువాత వచ్చాయి.

చివరగా చేప తిత్తి దగ్గరికి వెళ్దాం. కాలేయంనుండి వచ్చినప్పుడు మన పైత్యరసం పలుచగా, బంగారు రంగులో ఉంటుంది. మరి తిత్తిలో అంత చిక్కని ఆకుపచ్చ ఎలా వచ్చింది? పిత్తాశయంలో 30 నుండి 50 మిల్లీలీటర్ల ద్రవం మాత్రమే పడుతుంది. అందుకని దాని గోడ కణాలు నాళ కణాలు చేసిన పనికి సరిగ్గా ఎదురు పని చేస్తాయి. పైత్యరసంలోంచి సోడియాన్నీ క్లోరైడ్‌నూ వీధి ముఖం గుండా లోపలికి తీసుకుని, పెరటి వైపునుండి రక్తానికి అప్పగిస్తాయి. ఉప్పు వెంట నీరూ పోతుంది. మిగిలిన రసం ఐదు నుండి పది రెట్లు చిక్కబడుతుంది. పెరటి వైపు పనిచేసేది స్కౌ కనిపెట్టిన ఆ పంపే. ద్వారాలు అమర్చిన తీరు మాత్రం వేరు.